దాచిన కాలు

మోకాలి కింద తెగిపోయిన కాలికి వైకల్యం పర్సంటేజీ వేసేటప్పుడు, వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపు డాక్టరు చూసేది కాలు ఎక్కడిదాకా పోయిందని. మొండి ఎంత పొడవుంది, మోకాలు ఎంత వంగుతోంది, పుండ్లేమైనా ఉన్నాయా, ఇవి చూస్తాడు. ఆ మొండికి పెట్టుడు కాలు తొడుక్కుంటావా, తొడుక్కుని ఎంత దూరం నడుస్తావు అన్నది ఆ లెక్కలోకి రాదు. ఇంత చిన్న సంగతి తెలియక, తెలిసినవాళ్లను అడగక, ఏళ్ల తరబడి నా కాలును నేనే దాచుకుని బతికాను. దానివల్ల నాకు జరిగిన నష్టం ఒక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కాదు. ఇంకొకరికి కూడా జరిగింది. అది పూర్తిగా ఎవరికీ చెప్పలేదు.

మాది ఇందుకూరుపేట మండలం. నెల్లూరు నుంచి మైపాడు పోయే రోడ్డులో బస్సు దిగి లోపలికి నడవాలి. వరి కయ్యలు కొన్ని మిగిలున్నాయి, మిగతాదంతా రొయ్యల గుంటలే. వనామి రొయ్య వచ్చాక నేను కూడా కయ్యల్లో కూలి మానుకుని గుంటల మీద పనికి కుదిరాను. మేత చల్లడం, చెక్ ట్రేలు లేపి చూడడం, రాత్రిళ్లు ఏరియేటర్లు ఆగకుండా కనిపెట్టుకోవడం. 2015లో గట్టు దిగుతుంటే పాదంలో గుల్ల పెంకు దిగింది. షుగర్ ఉందని తెలిసి కూడా పసుపు అద్ది గుడ్డ కట్టుకుని తిరిగాను. పుండు నల్లబడ్డాక నెల్లూరు తీసుకెళితే కుడికాలు మోకాలికి జానెడు కిందకి తీసేశారు.

సదరం క్యాంపుకి మా ఆవిడే తీసుకెళ్లింది. 40 శాతం ఉంటే పింఛను వస్తుంది, నాకు అంతకంటే బాగానే ఎక్కువ వేశారు. 2014 అక్టోబరులో మొదలైన ఎన్టీఆర్ భరోసా కింద అప్పట్లో 80 శాతం దాటినవాళ్లకు 1500, నాలాంటివాళ్లకు 1000. చంక కర్రలతో ఇంట్లోంచి పంచలోకి, పంచలోంచి ఇంట్లోకి తిరిగే మనిషికి ఆ వెయ్యి పెద్ద ధైర్యం. కొడుకు అప్పటికి ఇంకా ఐటీఐ చదువుతున్నాడు. మా ఆవిడ రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి పోయేది.

2018లో నెల్లూరులో పెట్టిన ఒక క్యాంపులో నాకు జైపూర్ కాలు ఇచ్చారు. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే పనివాడు, పి.కె. సేథీ అనే ఎముకల డాక్టరు కలిసి చేసిన కాలు అది. అప్పట్లో బయటి దేశాల నుంచి వచ్చే కాళ్లకు బూటు తప్పనిసరి. చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు, నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లు, మడిలోకి దిగేవాళ్లు మన దగ్గర ఉంటారని ఆలోచించి చేసింది కాబట్టి దాని పాదం రబ్బరుది. బురదలో దిగొచ్చు, నీళ్లలో నానినా ఏమీ కాదు. నాకు కాలు బిగించిన అతను గోడ పట్టుకుని నడిపిస్తూ చెప్పాడు: "రోజూ తొడుక్కో. మొండి ఏడాదిలో చిక్కిపోతాది. సాకెట్ వదులవుతాది. అప్పుడు రా, కొలత తీసి కొత్తది చేస్తాం." క్యాంపు గేటు దాకా కర్రల్లేకుండా నడిచాను. మా ఆవిడ వెనక నుంచి చూస్తూ ఏడ్చింది.

ఊరికొచ్చిన వారంలోనే టీ అంగడి బెంచీ మీద ఎవరో అన్నారు, కాలు పెట్టుకుని నడుస్తున్నావని పైకి తెలిస్తే పర్సంటేజీ తగ్గించేస్తారు, పింఛను ఎత్తేస్తారు అని. ఆ అన్నది ఎవరో ఇప్పుడు తలచుకున్నా మొహం గుర్తు రావడం లేదు. అంత ఊరూపేరూ లేని మాటను నేను పట్టుకున్నాను. కాలు బిగించిన మనిషిని అడిగితే తేలిపోయేది. సర్టిఫికెట్ ఇచ్చిన ఆసుపత్రిలో అడిగినా తేలిపోయేది. అడగడమే ప్రమాదమని నా బుద్ధి చెప్పింది. అడిగితే 'నీకెందుకొచ్చింది ఈ అనుమానం, నువ్వు నడుస్తున్నావా' అంటారేమోనని. పేదవాడికి కచేరీ మెట్లెక్కాలంటే ఉండే భయం కొంత, ఉన్నది పోకూడదన్న ఆశ కొంత. ఆశ పాలు ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటాను.

2019 జులై నుంచి పింఛను 3000 అయింది. పోగొట్టుకునేది పెరిగే కొద్దీ దాపరికం కూడా పెరిగింది. ఆ ఏడే మా పాత గుంటల రైతు రాత్రి కాపలాకి రమ్మన్నాడు. చీకటి పడ్డాక కాలు తొడుక్కుని గట్ల మీదుగా పోయేవాణ్ణి, తెల్లవారకముందే వచ్చేసేవాణ్ణి. పగలంతా పంచలో చంక కర్రలు పక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. రాత్రి నడిచేవాణ్ణి, పగలు కుంటేవాణ్ణి.

2020 ఫిబ్రవరి ఒకటి నుంచి వలంటీర్లు పింఛను ఇంటికే తెచ్చివ్వడం మొదలైంది. యాభై ఇళ్లకు ఒకరు. మాకు వచ్చిన అబ్బాయి డిగ్రీ చదివినవాడు, పక్క వీధివాడే, వరసకు నన్ను మామా అంటాడు. ఒకటో తేదీ కోడి కూసే వేళకే తలుపు తట్టేవాడు. నేను ఆలోపే కాపలా నుంచి వచ్చి మంచం మీద కూర్చుని, తొడకు బిగించిన తోలు పట్టీ విప్పి, కాలు లాగేసి, మొండికి ఒకదాని మీద ఒకటి తొడిగిన మేజోళ్లు తీసి వాటిని సాకెట్ లోపలే కుక్కి, అంతా యూరియా గోతంలో వేసి మూతి కట్టి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేవాణ్ణి. సాకెట్ అంచు ఒరుసుకున్న చోట మొండి చుట్టూ ఎర్రటి గీత ఉంటుంది. అది కనబడకుండా లుంగీ కిందకి లాక్కునేవాణ్ణి. అబ్బాయి వచ్చి వేలిముద్ర అడిగేవాడు. మేత బస్తాలు మోసీ, ఏరియేటర్ల గ్రీజు తుడిచీ నా వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ మీద పడేవి కావు. "ఇంకో వేలు పెట్టు మామా" అంటూ తన చొక్కా కొసతో ఒక్కో వేలూ తుడిచి ఓపిగ్గా పెట్టించేవాడు. మంచాన కూర్చునే మనిషి వేళ్లు ఇట్లా ఎందుకున్నాయని అడుగుతాడేమోనని ఆ కాసేపు ఊపిరి బిగబట్టేవాణ్ణి. ఎప్పుడూ అడగలేదు.

ఏడాది తిరిగేసరికి, క్యాంపులో అతను చెప్పినట్టే, మొండి చిక్కిపోయి సాకెట్ వదులైంది. కొత్త కొలతకి పోతే ఆధార్ రాసుకుంటారు, రికార్డు అవుతుంది. అందుకని పోలేదు. పాత చీర ముక్కలు చుట్టి సాకెట్ నింపేవాణ్ణి. గుడ్డ ముడత పడిన చోట బొబ్బలు లేచేవి. ఒక కాలు పుండుతో పోయిన షుగర్ మనిషిని, ఆ కాలి మొండి మీదే పుండు పెంచుకుంటున్నాను. మా ఆవిడ రాత్రిళ్లు ఆ బొబ్బలకి మందు రాస్తూ ఏమీ అనేది కాదు. ఇంట్లో దాపరికం పెట్టుకున్నాక దానికి కాపలా కాయాల్సిన బరువు ఆమె మీద కూడా పడింది. ఎవరైనా హఠాత్తుగా వస్తే ముందు ఆమె చూపు బియ్యం డ్రమ్ము వైపు పోయేది.

2021 నవంబరులో పెన్నకి వరద వచ్చింది. సోమశిల నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైన వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మా వైపు ఊళ్లకి సాయంత్రమే మైకుల్లో చెప్పారు, అందరూ బడి దగ్గరికి పోండి, నీళ్లు వస్తాయి అని. బడి మా ఇంటికి మరీ దూరం కాదు. రోడ్డు అప్పటికింకా పొడిగానే ఉంది. కాలు తొడుక్కుని నడిస్తే మా ఆవిడతో పాటు చేరేవాణ్ణి.

వీధి చివర వలంటీర్ అబ్బాయి నిలబడి ఒక్కో ఇంటివాళ్లనూ పంపిస్తున్నాడు. గ్రామ సెక్రటేరియట్ వాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ముందు నడిచిపోవాలి. కర్రలతో పోదామంటే, వాటితో అంతదూరం నడిచే అలవాటు ఎప్పుడో తప్పిపోయింది. "నువ్వు ముందు పో, కాస్త చీకటి పడనీ, వెనకనే వస్తా" అన్నాను మా ఆవిడతో. ఆమె నన్ను వదిలి పోలేదు. చీకటి పడింది. అందరూ పోయారు, ఇప్పుడు తొడుక్కుందామని లేచేలోపే గడప మీదికి నీళ్లు వచ్చేశాయి. కరెంటు పోయింది. నీళ్లు మోకాళ్లకు, ఆ తర్వాత మంచం కోళ్ల మీదికి. ఆ చీకట్లో, ఆ నీళ్లలో టార్చి లైటు పట్టుకుని తాడు నడుముకు కట్టుకుని వచ్చింది మళ్లీ ఆ అబ్బాయే, ఇంకో పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని. "మామా, భయపడబాకు, నా మెడ పట్టుకో" అని వీపు మీద ఎక్కించుకున్నాడు. నడుముల్లోతు నీళ్లలో నన్ను మోసుకుంటూ పోతుంటే కింద ఏదో రేకు కోసుకుని వాడి పాదం చీలింది. అమ్మా అన్నాడు, నన్ను మాత్రం జారనియ్యలేదు. బడి అరుగు మీద నన్ను దించినప్పుడు మెట్ల మీద నెత్తురు చూశాను. బురదలో నీళ్లలో నడవడానికని చేసిన కాలు అప్పుడు ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక గోతంలో ఉంది.

నీళ్లు తీశాక ఇంటికి పోతే గోతం నిండా ఒండ్రు. పట్టీ నాని కుళ్లిపోయింది. కడిగి ఎండబెట్టి తాడు కట్టి దాన్నే వాడాను. ఆ రాత్రి తర్వాతైనా నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు. ఇంత జరిగాక ఇప్పుడు బయటపడితే ఊళ్లో మొహం ఎట్లా చూపించాలి అనే కొత్త కారణం ఒకటి దొరికింది.

2022 చివర్లో నోటీసు వచ్చింది. ఆ డిసెంబరులో రాష్ట్రమంతా చాలామందికి అట్లాంటివి ఇచ్చారు. సెక్రటేరియట్ నుంచి వచ్చిన కాగితం మడత విప్పి 'మీ పెన్షన్ అర్హత' అన్న రెండు మాటలు చదివేసరికి నాకు చెమట పట్టింది. మిగతా వాక్యం చదవలేదు. కాలు సంగతి తెలిసిపోయిందనుకున్నాను. అప్పటికప్పుడు ఆ తాడు కట్టిన కాలు తొడుక్కుని, మొదటిసారి పట్టపగలు వీధిలో నడుచుకుంటూ సెక్రటేరియట్‌కి పోయాను. వెల్ఫేర్ అసిస్టెంట్ నాకు కూతురి వయసు అమ్మాయి. కుర్చీ చూపించేలోపే నిలబడే అంతా చెప్పేశాను. కాలు ఉందమ్మా, 2018 నుంచి ఉంది, రాత్రి కాపలాకి పోతుండా, వలంటీరు వచ్చినప్పుడు దాచేవాణ్ణి, తప్పయింది, తీసుకున్న డబ్బు మెల్లిగా కట్టుకుంటా.

ఆ అమ్మాయి నా చేతిలో కాగితం తీసుకుని చదివింది. "పెదనాన్నా, దీంట్లో కాలు మాటే లేదే. మీ ఇంట్లో కారు ఉందని వచ్చింది."

మా ఇంట్లో కారు లేదు. కారు కొడుకుది. వాడికి 2021 వేసవిలో పెళ్లయింది. పెళ్లయిన వెంటనే తడ దగ్గర కంపెనీలో పని దొరికి కాపురం అక్కడికి మార్చాడు. తర్వాత ఫైనాన్సు మీద పాత కారు ఒకటి కొన్నాడు. వాడి పేరు మాత్రం మా బియ్యం కార్డులోనే, సెక్రటేరియట్‌లో ఉండే మా ఇంటివాళ్ల జాబితా, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనే ఉండిపోయింది. పింఛను అర్హతకు 2019 చివర్లో పెట్టిన ఆరు అంచెల పరిశీలన ప్రకారం ఇంటికి సొంత నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఆటో, టాక్సీ, ట్రాక్టరుకి మినహాయింపు. భూమి మాగాణి అయితే మూడెకరాల లోపు. కరెంటు నెలకు 300 యూనిట్ల లోపు. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి, ఇన్‌కం ట్యాక్సు కట్టేవాడు ఉండకూడదు. పల్లెలో ఇంటి ఆదాయం నెలకు పదివేలు దాటకూడదు. ఈ లెక్క అంతా ఇంటిమొత్తానికి చూస్తారు. కారు రిజిస్ట్రేషన్‌లో వాడి ఆధార్, మా మ్యాపింగ్‌లో వాడి ఆధార్. కంప్యూటర్ రెండూ కలిపింది.

కొడుకు వేరే కాపురం పెట్టినప్పుడే చెప్పి పేరు విడదీయించాల్సింది. అది నాకు తెలియదని అబద్ధమాడను. మా ఆవిడ అప్పుడే అడిగింది, వాడి పేరు తీయించాలేమో అని. మనిషికి ఐదు కిలోల బియ్యం. వాడి ఐదు కిలోలు ఎందుకు పోగొట్టుకోవడం, ఉండనీ అన్నాను. అది మాది కాని బియ్యం. రేషను తెచ్చే ఎండీయూ బండి వచ్చినప్పుడల్లా తీసుకున్నాం, వండుకు తిన్నాం. చెప్పాల్సిన మార్పు ఐదు కిలోల కోసం చెప్పలేదు. చెప్పాల్సిన పనే లేని కాలును ఏళ్ల తరబడి కాపలా కాశాను. ఏది చెప్పాలో ఏది అక్కర్లేదో తెలుసుకోవడానికి ఒక్కసారి అడిగుంటే రెండూ తేలేవి.

ఆ అమ్మాయి నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కాలు పెట్టుకున్నంత మాత్రాన పర్సంటేజీ మారదని మొదట చెప్పింది ఆమే. "నడిచేదానికి కాలు ఇచ్చేది కూడా ప్రభుత్వమే గదా పెదనాన్నా, తొడుక్కున్నావని పింఛను ఎందుకు తీసేస్తాది?" అంది. ఇందులో తర్కం ఎంత సూటిగా ఉందో చూడండి. ఆ బెంచీ మీద మాట విన్న రోజు నాకు నేనే ఈ ప్రశ్న వేసుకోవచ్చు. భయం లోపల ఉన్నప్పుడు మనిషి ప్రశ్న వేసుకోడు, భయానికి సాక్ష్యాలు మాత్రమే వెతుక్కుంటాడు. ప్రతి నెలా దాచాను, ప్రతి నెలా డబ్బు వచ్చింది, కాబట్టి దాచడం వల్లే వస్తోందనుకున్నాను.

పింఛను కొంతకాలం ఆగింది. కొడుకు పెళ్లికి సర్టిఫికెట్ తీయించి, వాళ్లు తడలో ఉంటున్నట్టు రుజువు పెట్టి, పేరు విడదీశాక మళ్లీ మొదలైంది. ఆ ఆగిన నెలల్లో షుగర్ మాత్రలు అప్పుకి తెచ్చుకున్నాం. దానికి ఎవరినీ అనేది లేదు. ఆ ఖర్చు నేను చేసుకున్నదే.

మా అక్క కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఇదంతా ఫోనులో చెబితే అక్కడి పద్ధతి చెప్పాడు. ఆస్ట్రేలియాలో వికలాంగుల పింఛను తీసుకునేవాళ్లు ఇల్లు మారినా, పెళ్లయినా, పని దొరికినా, ఆదాయం మారినా 14 రోజుల్లో చెప్పాలట. వారానికి 30 గంటల లోపు పని చేసుకున్నా పింఛను పూర్తిగా పోదట, ఆదాయాన్ని బట్టి తగ్గుతుందట. అక్కడ కూడా అన్నీ సవ్యంగా లేవు. 2016 నుంచి కొన్నేళ్లు కంప్యూటర్ చేత ఆదాయాల సగటు తీయించి, నువ్వు ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు అని లక్షల మందికి అప్పులు రాసేశారు. రోబోడెట్ అని పేరు పడింది. అది చట్టవిరుద్ధమని తేలి, 2023లో రాయల్ కమిషన్ రిపోర్టు వచ్చింది. చేయని అప్పుకి భయపడి ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారని చెబుతూ మా వాడి గొంతు తగ్గింది. అయినా అక్కడ ఏ మార్పు చెప్పాలి, ఎన్ని రోజుల్లో చెప్పాలి అనేది పింఛను తీసుకునే ప్రతి మనిషికీ ముందే తెలిసుంటుందన్నమాట. మన దగ్గర పింఛను పుస్తకంతో పాటు అట్లాంటి ఒక్క కాగితం తెలుగులో ఇచ్చి చదివి వినిపిస్తే ఎంత బాగుంటుంది. నాలాంటి మొండి భయస్తుడు దాన్ని కూడా పక్కన పెట్టేవాడేమో. మా ఆవిడ పెట్టనిచ్చేది కాదు.

2023లో కొత్త కొలతకి పోయి కొత్త కాలు చేయించుకున్నాను. ఆ కాలుతో మొదట పోయింది వలంటీర్ అబ్బాయి ఇంటికి. పాదం మీద కుట్ల మచ్చ అట్నే ఉంది. ఆ రాత్రి నాకు కాలు ఉండిందిరా, నువ్వు చూస్తావని తొడుక్కోలేదు అని చెప్పాను. తన దెబ్బ గురించి ఏమైనా అంటాడని సిద్ధపడి పోయాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మామా, మీ ఇంటికి వచ్చేముందు అవతలి వీధిలో ముసలామె ఒకతె నిచ్చెన మీద కూర్చోనుండింది. కాలు లేని మనిషి ముందు అని మీ ఇంటికి వచ్చినా. నిన్ను దించి నా కాలికి గుడ్డ కట్టుకుని మళ్లీ పోయేసరికి ఆమె వానలో నానిపోయి వణకతా ఉండింది. నువ్వు సాయంత్రం నడిచొచ్చుంటే ఆమెను అప్పుడే తెచ్చుండేవాణ్ణి గదా."

ఆమె బతికింది. జ్వరం పట్టి చాలాకాలం మంచం దిగలేదని విన్నాను. ఆ తర్వాత కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెను కలిసి చెప్పుకునే అవకాశం నాకు రాలేదు. ముందు రావాల్సిన ఆమె వంతు నేను తీసుకున్నాను. మూడు వేలు పోతాయని భయపడ్డానే గాని, నా అబద్ధం ఇంకొకరి ప్రాణం మీదికి పోతుందని ఒక్కసారి కూడా తోచలేదు. దీనికి తిరిగి కట్టే పద్ధతి ఏ సెక్రటేరియట్‌లోనూ లేదు.

2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6000 అయింది. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. 2025 జనవరి నుంచి అందరినీ మళ్లీ పరీక్ష చేయడం మొదలుపెట్టారు. మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు డాక్టర్లు వెళ్లారు, మాలాంటివాళ్లను ఆసుపత్రికి పిలిచారు. నేను కాలు తొడుక్కునే పోయాను. వరండాలో కూర్చున్నవాళ్లలో కొందరు బస్సు దిగి బాగా నడిచొచ్చి గేటు దగ్గర కుంటడం మొదలుపెట్టడం చూశాను. వాళ్ల మీద కోపం రాలేదు. వాళ్ల కడుపులో ఏముందో నాకు తెలుసు. డాక్టరు కాలు తీయమన్నాడు, మొండి నొక్కి చూశాడు, మోకాలు వంచమన్నాడు, కొలిచాడు, రాసుకున్నాడు. "సాకెట్ బాగా కూర్చుందే, ఎక్కడ చేయించావు?" అని అడిగాడు. పర్సంటేజీ పాతదే.

ఆ ఆగస్టులో 40 శాతం లోపు వచ్చినవాళ్లకు నోటీసులు వచ్చాయి. అరవై దాటినవాళ్లను వృద్ధాప్య పింఛనులోకి మారుస్తామన్నారు, మిగతావాళ్లు ఎంపీడీఓ దగ్గర అప్పీలు చేసుకోమన్నారు. కొందరికి వచ్చింది న్యాయమే. కొందరికి అన్యాయం జరిగింది, మా పక్క ఊళ్లోనే చెవులు వినబడని పిల్లవాణ్ణి చంకనేసుకుని తల్లి అప్పీలుకి తిరగడం చూశాను. నాలాగా గోతంలో కాలు దాచినవాళ్లు, గేటు దగ్గర కుంటినవాళ్లు ఇన్నేళ్లు లేకపోయుంటే ఆ తల్లిని ఎవరూ అనుమానించేవాళ్లు కాదని నాకు గట్టి నమ్మకం. ఆమె అర్జీ నేనే రాసిచ్చాను. పాత సర్టిఫికెట్, చెవి పరీక్ష కాగితాలు, నోటీసు నకలు జతపరిచి రసీదు తీసుకోమని చెప్పాను.

ఇక ఇప్పటి సంగతి. గుంటల రైతు ఈమధ్య నా జీతం పెంచి తొమ్మిది వేలు చేశాడు. మా ఆవిడ ప్లాంటు కూలి కలిపితే పదివేలు దాటుతుంది. ఇది ఏ కంప్యూటర్‌కీ తెలియదు. జీతం చేతికే ఇస్తాడు, ఆధార్‌తో పని లేదు. "ఎవరడిగారని చెబతావయ్యా? ఒకసారి చెప్పకపోయి చెడ్డాం, ఈసారి చెప్పి చెడదామా?" అంది మా ఆవిడ. ఆమె మాటలో న్యాయం ఉంది. ఆరువేలు పోతే ఏమవుతుందో ఇంటి లెక్క రాసేది ఆమే. కారు సంగతి నేను చెప్పకపోయినా బయటపడింది. ఇది నేను చెబితేనే తెలిసేది. చాలా ఆలోచించాను. తెల్ల కాగితం మీద ఇద్దరి ఆదాయమూ రాసి సంతకం పెట్టి సెక్రటేరియట్‌లో ఇచ్చాను. అమ్మాయి రెండుసార్లు చదివింది. ఇది తను తేల్చేది కాదని, ఎంపీడీఓ గారికి పంపిస్తానని చెప్పి రసీదు ఇచ్చింది. వచ్చే ఒకటో తేదీ డబ్బు వస్తుందో రాదో ఆమె కూడా చెప్పలేకపోయింది.

ఆ కాగితం కింద ఇంకొక విన్నపం కూడా రాశాను. పదివేల గీత 2019లో గీసింది, అప్పటినుంచి మాత్రల ధర, బియ్యం ధర, కూలి అన్నీ పెరిగాయి, గీత కూడా పెంచండి అని. కాలు లేకుండా రాత్రంతా గుంట గట్టు మీద నిలబడి సంపాదించే జీతంలో సగమైనా లెక్కలోంచి మినహాయించండి, అట్లా చేస్తే పనికి పోయే వికలాంగుడు దాచుకోవాల్సిన అవసరం ఉండదు అని. మండలం ఆఫీసు నుంచి జవాబు రాకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్సుకి ఇదే అర్జీ తీసుకుపోతాను. మా ఆవిడ తనూ వస్తానంటోంది, ఇంటి లెక్క తనే చెబుతుందట.